కెమెరా వెలగకముందే మొదలయ్యే ఉద్యోగం
(గొంతుతో పనిచేసే యువతీయువకుల శిక్షణ శిబిరంలో, హైదరాబాదులో ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వాయిస్ ఓవర్‌లో కెరీర్ గురించి మాట్లాడమన్నారు నన్ను. ఆ పేరుతో యూట్యూబ్‌లో వీడియోలు బోలెడున్నాయి. మిరియాల పాలు తాగండి, ఐస్‌క్రీమ్ మానేయండి, పళ్ల మధ్య పెన్సిలు పెట్టుకుని చదవండి... అవన్నీ మీరు చూసే వచ్చారు. నేను మళ్లీ చెప్తే మీ టైమ్ వృథా. అందుకని మన దగ్గర దాదాపు లేని ఒక ఉద్యోగం గురించి చెప్తాను. అమెరికా టీవీ గేమ్ షోలో అనౌన్సర్.

గేమ్ షో అంటే మనకు హోస్టే గుర్తొస్తారు. 2014లో మా టీవీలో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలైంది. నాగార్జున గారే నమస్కారం పెట్టారు, ఆయనే కంటెస్టెంట్‌తో కబుర్లు చెప్పారు, ఆయనే ప్రశ్న అడిగారు, ఆయనే ఎంత గెలిచారో చెప్పారు. అమెరికాలో రేడియో రోజుల నుంచీ ఈ పనిని రెండు ముక్కలు చేశారు. ఆట ఆడించేది హోస్ట్. మిగతాదంతా ఇంకో మనిషిది. షో పేరు చెప్పడం, పోటీదారుల్ని పిలవడం, హోస్ట్‌ని పరిచయం చెయ్యడం, బహుమతుల్ని వర్ణించడం, చివర్లో స్పాన్సర్ల పేర్లు చదవడం, ఇవన్నీ ఆ రెండో మనిషి చేస్తాడు. స్టేజీకి ఒక పక్కన మైకు దగ్గర, చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇంట్లో చూసేవాళ్లకు కనిపించడు.

పెళ్లిలో చదివింపులు చదివే పెద్దమనిషిని చూశారుగా? వెయ్యినూటపదహార్లు ఇచ్చినవాడి పేరు ఎలా చదువుతాడు, కొత్త ఫ్రిజ్ ఇచ్చిన మేనమామ పేరు ఎలా చదువుతాడు! (నవ్వులు) గేమ్ షో అనౌన్సర్ బహుమతి చదవడం అచ్చంగా అదే విద్య. ఒక్క తేడా ఉంది. 'ది ప్రైస్ ఈజ్ రైట్' లాంటి షోలో వస్తువు ధర ఎంతో ఊహించడమే ఆట. కాబట్టి ఆ సోఫా ఎంత మెత్తగా ఉంటుందో, ఏ కంపెనీదో, ఏ రంగో నోరూరేలా చెప్పాలి, ధర మాత్రం పొరపాటున కూడా బయటపడకూడదు. అదీ కొన్ని సెకన్లలో. ఈలోపు మోడల్ ఆ సోఫా మీద చెయ్యి ఆడిస్తూ ఉంటుంది. ఆమె చెయ్యి, ఈయన మాట, కెమెరా, మూడూ ఒకేసారి ముగియాలి.

ఆ చివర్లో స్పాన్సర్ల పేర్లు గబగబా చదివే భాగముందే, అది చాలామంది పట్టించుకోరు. దాని వెనక పెద్ద కథ ఉంది. 1950లలో అమెరికాలో క్విజ్ షోలంటే పిచ్చి. 'ట్వంటీ వన్' అనే షోలో చార్లెస్ వాన్ డోరెన్ అనే కాలేజీ అధ్యాపకుడు వారాల తరబడి గెలిచి దేశమంతా హీరో అయ్యాడు. 1959 నవంబరులో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు నిలబడి, ప్రశ్నలూ జవాబులూ నాకు ముందే ఇచ్చారని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది చట్టం మారింది. క్విజ్‌లో మోసం నేరమైంది. అప్పట్లోనే పాటలు వేయడానికి రేడియో వాళ్లు తీసుకునే లంచాల గొడవ కూడా నడుస్తోంది. దాంతో, డబ్బో వస్తువో తీసుకుని ఎవరి పేరైనా చెప్తే ఆ సంగతి ప్రేక్షకుడికి తెలిసేలా చెప్పాలన్న నిబంధన గట్టిపడింది. అలా చెప్పే పని అనౌన్సర్ గొంతు మీద పడింది. అప్పటిదాకా ఉత్సాహంగా అరిచిన మనిషే చివర్లో లాయర్ రాసిచ్చిన వాక్యాన్ని పాటలా చదవాలి. నేను రోజూ ప్రోమోలు చెప్పే మనిషిని, మ్యూచువల్ ఫండ్ ప్రకటనల చివర వచ్చే హెచ్చరికలు కూడా చదివాను. ఆ టెన్షన్ నాకు తెలుసు. ఒక్క మాట మింగితే మళ్లీ మొదటి నుంచీ చదవాలి.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. ముగ్గురి గురించి చెప్తాను. ఇద్దరి గురించి కాస్త క్లుప్తంగానే, ఎందుకంటే నాకు మూడో ఆయనంటే పక్షపాతం.

మొదటి ఆయన డాన్ పార్డో. 1918లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. 1944లో న్యూయార్క్‌లో ఎన్‌బీసీ అనే ప్రసార సంస్థలో స్టాఫ్ అనౌన్సర్‌గా చేరాడు. స్టాఫ్ అనౌన్సర్ అంటే మన ఆకాశవాణి డ్యూటీ అనౌన్సర్ లాంటి ఉద్యోగమే. బూత్‌లో కూర్చుని గడియారం చూసుకుంటూ, టైముకి స్టేషన్ పేరు చెప్పాలి. తర్వాత వచ్చే కార్యక్రమం ఏదో చెప్పాలి. షిఫ్టులో ఏం తగిలితే అది చదవాలి. 1956లో 'ది ప్రైస్ ఈజ్ రైట్' ఎన్‌బీసీలో మొదలైతే అది ఆయనకు వచ్చింది. ఏడేళ్లు చేశాడు. 1963లో ఆ షో ఏబీసీ చానల్‌కు మారిపోయింది. షో వెళ్లింది, పార్డో వెళ్లలేదు. ఆయన ఎన్‌బీసీ ఉద్యోగి కదా, బూత్‌లోనే మిగిలాడు.

అలా మిగలబట్టి ఏమైందంటే, ఆ నవంబరు 22 మధ్యాహ్నం ఆయన డ్యూటీలో ఉన్నాడు. న్యూయార్క్ స్టేషన్‌లో ఏదో పాత సీరియల్ రిపీట్ నడుస్తోంది. దాన్ని మధ్యలో ఆపి, డాలస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ మీద కాల్పులు జరిగాయన్న మొదటి వార్త పార్డో చదివాడు. అంతకు రెండు నెలల ముందు వరకూ ఫ్రిజ్‌లూ పడవలూ వర్ణించిన గొంతు అది. కావాలంటే ఎక్కడైనా వెతికి వినండి. గొంతులో నాటకం ఉండదు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది. ఆట బొమ్మలాంటి ఉద్యోగం అనుకునేవాళ్లకు నేనెప్పుడూ ఆ కొన్ని సెకన్లే వినిపిస్తాను.

తర్వాత 1964 నుంచి 1975 మొదటి రోజుల దాకా 'జెపర్డీ' అనే క్విజ్ షో తొలి అవతారానికి ఆయనే అనౌన్సర్. అది ఆగిపోయిన ఏడాదే, అక్టోబరులో, 'సాటర్డే నైట్ లైవ్' అనే కామెడీ షో మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లోనే నటుల బృందం పేరులో మాటలు తారుమారు చేసి చదివేశాడు. లైవ్ షో, దిద్దుకునే వీల్లేదు. అయినా మధ్యలో ఒక్క సీజన్ తప్పిస్తే 2014లో చనిపోయేదాకా ఆ షోకి ఆయన గొంతే ఉంది. తొంభైకి దగ్గరపడ్డాక కూడా అరిజోనా నుంచి విమానమెక్కి న్యూయార్క్ వెళ్లి చెప్పి వచ్చేవాడు. మొదటి రోజు తప్పు చదివానని రాత్రంతా నిద్రపోని కుర్రాళ్లు ఈ గదిలో ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ల కోసం చెప్తున్నాను ఇది. (నవ్వులు)

రెండో ఆయన జానీ గిల్బర్ట్. 1928లో వర్జీనియాలో పుట్టాడు. పాటగాడిగా మొదలుపెట్టాడు. 1958లో 'మ్యూజిక్ బింగో' అనే షోకి హోస్ట్ కూడా అయ్యాడు. గమనించండి, హోస్ట్‌గా చేసి తర్వాత అనౌన్సర్ అయ్యాడు. ఇందాక చెప్పానే, 1963లో 'ప్రైస్ ఈజ్ రైట్' ఏబీసీకి వెళ్లిందని, అప్పుడు పార్డో ఖాళీ చేసిన చోటు ఈయనకే దొరికింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే. 1984లో 'జెపర్డీ'ని లాస్ ఏంజిలెస్‌లో మళ్లీ మొదలుపెట్టారు. పార్డో న్యూయార్క్ మనిషి. గిల్బర్ట్‌ని తీసుకున్నారు. అప్పట్నుంచీ ఆ షోకి ఆయనే. ఒకే షోకి అన్నేళ్లు అనౌన్సర్‌గా ఉన్నందుకు గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు. ఊరు మారకపోవడం వల్ల ఒకరికి పోయింది, ఆ ఊళ్లో ఉండటం వల్ల ఇంకొకరికి వచ్చింది. గొంతుల పోటీ అనుకుంటాం కానీ సగం కెరీర్లు ఇలాగే తేలతాయి.

ఇక నా మనిషి. జానీ ఓల్సన్.

1910లో మిన్నెసోటా రాష్ట్రంలో విండమ్ అనే చిన్న ఊళ్లో, నార్వే నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలోనే రేడియోలో చేరాడు. మిల్వాకీ స్టేషన్‌లో పాటలు, జోకులు, పిచ్చి వేషాలు కలిపి 'రంపస్ రూమ్' అని ఒక కార్యక్రమం నడిపేవాడు. 1944లో న్యూయార్క్ చేరి భార్య పెనీతో కలిసి ఆడవాళ్ల కోసం పగటిపూట రేడియో షో చేశాడు. అక్కడ జనం ఎదురుగా కూర్చుంటారు, వాళ్లతో ఆటలాడించాలి. టీవీ వచ్చిన కొత్తల్లో డ్యూమాంట్ అనే నెట్‌వర్క్ ఉండేది, దానిలో 'రంపస్ రూమ్'ను తన పేరుతోనే చేశాడు. అంటే ఈయన కూడా హోస్టే. సొంత పేరున్న షో! డ్యూమాంట్ 1956కల్లా మూతపడింది. ఓల్సన్ మిగిలాడు.

అప్పట్నుంచి ఆయన పక్కకు జరిగాడు. గుడ్సన్, టాడ్‌మన్ అని ఇద్దరు నిర్మాతలు న్యూయార్క్‌లో గేమ్ షోల ఫ్యాక్టరీ లాంటిది నడిపేవారు. 'వాట్స్ మై లైన్', 'టు టెల్ ద ట్రూత్', 'మ్యాచ్ గేమ్', అన్నీ వాళ్లవే. వాటిలో ఓల్సన్ గొంతు వినిపించడం మొదలైంది. ఒక షో ఆగిపోతే ఇంకోదానికి పిలిచేవారు. హోస్ట్‌లకు ఆ సుఖం లేదు. షో పోతే హోస్ట్ ముఖం కూడా పాతబడుతుంది. గొంతు పాతబడదు, పైగా ఒకే వారంలో నాలుగు షోలకు చెప్పొచ్చు.

కానీ గొంతు కోసమే ఆయన్ని పిలిచారనుకుంటే పొరపాటు. ఓల్సన్ గొంతు బాగానే ఉంటుంది, ఉత్సాహంగా ఉంటుంది, కానీ అంతకన్నా బరువైన, లోతైన గొంతులు న్యూయార్క్‌లో గల్లీకొకటి ఉండేవి. ఆయన్ని కొనుక్కున్నది వార్మప్ కోసం, అంటే షూటింగ్‌కి ముందు జనాన్ని హుషారెక్కించడం కోసం. ఇప్పుడు చెప్పబోయేదే నేను ఇవాళ మీకు చెప్దామనుకున్న సంగతి.

షూటింగ్‌కి ముందు స్టూడియోలో ఏం జరుగుతుందో మీలో కొందరికి తెలుసు. మన దగ్గరైతే కోఆర్డినేటర్ బస్సులో జనాన్ని తెస్తాడు. కూర్చోబెడతారు. ఏసీ చలి. రెండు గంటలైనా హీరో రాడు. ఫ్లోర్ మేనేజర్ వచ్చి "నేను చెయ్యి ఎత్తితే చప్పట్లు కొట్టాలి" అని చెప్తాడు. కొడతారు. ఆ చప్పట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. (నవ్వులు) అమెరికాలో ఆ పనిని అనౌన్సర్‌కి అప్పజెప్పారు. ఓల్సన్ కెమెరాలు వెలగకముందు మెట్ల వరసల్లోకి వెళ్లిపోయేవాడు. పెద్దావిడ కనిపిస్తే చెయ్యి పట్టుకుని డాన్స్ చేసేవాడు, జోకులు, పాటలు, తన మీద తనే వేళాకోళం. టేపింగ్ మొదలయ్యే సమయానికి జనం వేడెక్కి ఉండేవారు. అప్పుడు హోస్ట్ వచ్చి నిలబడితే చాలు, పైకప్పు లేచిపోయేది. ఆ చప్పట్లు హోస్ట్ ఖాతాలో పడేవి.

దీని విలువ జాకీ గ్లీసన్‌కి తెలుసు. ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద కమెడియన్. 1964లో ఆయన తన షోని న్యూయార్క్ నుంచి మయామీ బీచ్‌కు మార్చుకున్నాడు. అనౌన్సర్‌ని అక్కడే ఎవర్నో చూసుకోవచ్చుగా? చూసుకోలేదు. ఓల్సనే కావాలన్నాడు. ఓల్సన్ న్యూయార్క్‌లో తన గేమ్ షోలన్నీ చేసుకుంటూనే వారం వారం విమానంలో మయామీ వెళ్లి వచ్చేవాడు. ఇంట్లో చూసేవాళ్లకు ఆ షోలో ఆయనవి నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల కోసం అన్ని టికెట్లు ఎవరూ కొనరు.

1972 సెప్టెంబరులో 'ప్రైస్ ఈజ్ రైట్'ను సీబీఎస్ చానల్లో కొత్తగా మొదలుపెట్టారు. ఈసారి లాస్ ఏంజిలెస్‌లో, బాబ్ బార్కర్ హోస్ట్. ఓల్సన్‌కి అప్పటికి అరవై రెండేళ్లు. మనమైతే రిటైర్మెంట్ ఫంక్షన్‌లో శాలువా కప్పే వయసు. ఆయన కాలిఫోర్నియా వెళ్లి అసలు పేరు అప్పుడు తెచ్చుకున్నాడు.

ఆ షోలో పోటీదారులు ముందే తెలియరు. బయట క్యూలో నిలబడ్డ ప్రతి ఒక్కరితో నిర్మాత బృందం కొన్ని సెకన్లు మాట్లాడుతుంది. అందులోంచి కొందర్ని ఎంచుకుంటారు, ఎవర్నన్నది వాళ్లకు చెప్పరు. అందరూ తమ పేరు రాసి ఉన్న, ధర చీటీ ఆకారంలోని పసుపు కాగితం గుండెకు అంటించుకుని లోపల కూర్చుంటారు. మూడొందల మంది దాకా. ప్రతివాడికీ లోపల నేనేనేమో అని ఆశ. ఓల్సన్ పూర్తి పేరు చదివి, "కమాన్ డౌన్!" అంటాడు. అంతే, ఆ మనిషి లేచి, పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ, ఏడుస్తూ నవ్వుతూ మెట్లు దిగి పరుగెత్తుకొస్తుంది. మొదట నలుగురు. తర్వాత ఒక్కో ఆటకు ఒక్కొక్కరు. 1975లో షో గంటకు పెరిగాక ఎపిసోడ్‌కి తొమ్మిది మంది.

ఇక్కడ ఒక చిన్న విషయం నాకు భలే నచ్చుతుంది. అరుపుల్లో తన పేరు తనకే వినిపించదు. అందుకని ఓల్సన్ చదివే సమయానికే సిబ్బందిలో ఒకరు ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్క ఎత్తి చూపిస్తారు. ఆలోచించండి, గొంతు ఎంత బాగా పనిచేసిందంటే, దాన్ని ఎవరూ వినలేకపోయారు! వేడెక్కించిందీ ఆయనే, ఆ వేడిలో మునిగిపోయిందీ ఆయన మాటే. ఆ అట్ట రాసే వ్యక్తి ఉద్యోగం కూడా ఆయన పుణ్యమే అనుకోండి.

కొన్నేళ్లకు ఆయన్ని కెమెరా ముందుకూ తెచ్చారు. చివరి బహుమతుల్ని చిన్న నాటకంలా చూపించేవారు, అందులో మోడళ్లతో పాటు ఈయన కూడా వేషం కట్టేవాడు. ఇల్లు మాత్రం వెస్ట్ వర్జీనియాలో, దేశానికి అటు చివర. అక్కణ్నుంచి వచ్చి చేసి వెళ్లేవాడు. 1985 అక్టోబరు 12న మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. వయసు 75. అప్పటికే రికార్డ్ చేసి ఉన్న ఎపిసోడ్లు ఆ తర్వాత ఆయన గొంతుతోనే ప్రసారమయ్యాయి.

ఈ సంగతి ఎందుకు పట్టి చెప్తున్నానంటే, 2010 నవంబరులో చార్లీ ఓడానెల్ అని 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' అనౌన్సర్ చనిపోయాడు. ఆయనవీ రికార్డ్ చేసిన ఎపిసోడ్లు చాలా మిగిలి ఉన్నాయి. ఆయన గొంతు తీసేసి, వేరేవాళ్లతో చెప్పించి ప్రసారం చేశారు. ఆయన ఆఖరి పని జనం వినలేదు. నిర్మాతలకు వాళ్ల కారణాలు ఉండొచ్చు, చనిపోయిన మనిషి గొంతు హుషారుగా వినిపిస్తే బాధగా ఉంటుందనుకున్నారేమో. నాకు మాత్రం అది అన్యాయం అనిపిస్తుంది. నటుడు పోతే అతని సినిమాలో ముఖం మార్చరుగా? టెక్నాలజీ వల్ల గొంతు తీసెయ్యడం సులువు, అందుకే తీసేస్తారు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఇది తెలుసుకునే రావాలి. ఇప్పుడు ఏఐ వచ్చి అసలు మనిషే అక్కర్లేదంటున్న రోజుల్లో మరీనూ. నన్నడిగితే ఏఐ ఆ బహుమతుల వర్ణన చదివేస్తుంది, రేపో ఎల్లుండో. పెద్దావిడ చెయ్యి పట్టుకుని డాన్స్ చెయ్యడం దాని వల్ల కాదు.

ఓల్సన్ తర్వాత కొన్నాళ్లు ఒక్కొక్కర్నీ పరీక్షించి చూసి, 1986లో రాడ్ రాడీని తీసుకున్నారు. టెక్సాస్ రేడియో మనిషి. తళుకుల కోట్లు వేసుకుని కెమెరాలో కనిపించేవాడు, 2003లో చనిపోయేదాకా ఆ షోలోనే ఉన్నాడు. ఆయన గురించి ఇంకోసారి. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, తెలుగులో ఈ ఉద్యోగం వచ్చే అవకాశం ఉందా?)

ఇదే పేరుతో రాదమ్మా. హోస్ట్‌గా పెద్ద హీరోని పెట్టుకున్నాక పక్కన ఇంకో గొంతుకి ఎవరూ డబ్బు పెట్టరు. కానీ పని ఉంది. ప్రీరిలీజ్ ఫంక్షన్లో హీరో వచ్చేదాకా జనాన్ని పట్టుకుని ఉంచేది ఎవరు? కబడ్డీ లీగ్‌లో గచ్చిబౌలి స్టేడియంలో ఆటగాళ్ల పేర్లు పిలిచేది ఎవరు? అక్కడికి వెళ్లి అడగండి. మొదట్లో డబ్బులు తక్కువ, ఆలస్యం కూడా. అడ్వాన్స్ తీసుకోకుండా మాత్రం మైకు ముట్టుకోకండి.

(మరొకరు: జానీ గిల్బర్ట్ ఇంకా చేస్తున్నారా?)

తొంభై దాటాక కూడా చేస్తున్నాడు. ఈ మధ్య స్టూడియోకి రాకుండా ఇంటి దగ్గర్నుంచే చదువుతున్నాడు. ఆయన పనిలో ఒక తమాషా చెప్పనా? 'జెపర్డీ'లో నిన్న గెలిచినవాడు ఇవాళ మళ్లీ వస్తే, అతను ఎన్ని రోజులు గెలిచాడో, మొత్తం ఎన్ని డాలర్లో కూడా అనౌన్సరే చదవాలి. 2004లో కెన్ జెన్నింగ్స్ అని సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ వచ్చాడు. ఓడిపోడే! వరసగా 74 ఆటలు గెలిచాడు, 25 లక్షల డాలర్లు దాటింది. గిల్బర్ట్ ప్రతి ఎపిసోడ్ మొదట్లో ఆ పేరు, ఆ ఊరు, ఆ ఉద్యోగం, పెరుగుతున్న ఆ అంకె, అన్నీ ఎక్కడా తడబడకుండా చదవాల్సి వచ్చింది. ఆ షో హోస్ట్ అలెక్స్ ట్రెబెక్ 2020లో క్యాన్సర్‌తో చనిపోయాడు. ఇప్పుడు ఆ షోకి హోస్ట్ ఎవరనుకుంటున్నారు? ఆ కెన్ జెన్నింగ్సే. గిల్బర్ట్ మళ్లీ అదే పేరు పిలుస్తున్నాడు, ఈసారి ఊరూ ఉద్యోగం చెప్పక్కర్లేకుండా.